సెంట్-పెలాజీ ఆపిల్ పండ్లు: గుస్తావ్ కూర్బె నిశ్చల చిత్రాలు, రేఖాచిత్రాలు – ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

పందొమ్మిదో శతాబ్దపు ఫ్రెంచి చిత్రకళలో వాస్తవికతావాదానికి గుస్తావ్ కూర్బె (1819–1877) పేరు పర్యాయపదంగా నిలిచింది. రాళ్లు కొట్టే కూలీలను, పల్లెటూరి శవయాత్రను చిత్రించిన కూర్బె గురించి జరిగినంత చర్చ ఆయన పండ్లు, పూలు, చేపల చిత్రాల గురించి జరగలేదు. 1871లో పారిస్ కమ్యూన్ పతనానంతరం ఆయన సెంట్-పెలాజీ చెరసాలలో ఉన్నాడు. ఆ కాలానికి చెందినవిగా చెప్పే నిశ్చల చిత్రాలు కొన్నింటిపై చెరసాల పేరు, చెరను సూచించే మాటలు ఉన్నాయి. అయితే వాటిలో కొన్ని అక్కడ గీసినవి కావు. కంటికి కనబడనిదాన్ని చిత్రించనన్న కళాకారుడు తన చిత్రం మీద వాస్తవం కాని స్థలకాలాలను ఎందుకు రాశాడు? ఈ ప్రశ్న ఆధారంగా ఆ చిత్రాలను, అదే కాలపు రేఖాచిత్రాలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలక పదాలు: వాస్తవికతావాదం, నిశ్చల చిత్రం, గుస్తావ్ కూర్బె, పారిస్ కమ్యూన్, సెంట్-పెలాజీ, రేఖాచిత్రం, కాలనిర్ణయం.

1. ఉపోద్ఘాతం

తెలుగు సాహిత్య విమర్శలో 'వాస్తవికత' అనే మాటను మనం ప్రధానంగా కథకూ నవలకూ అన్వయిస్తున్నాం. ఈ మాట ఒక వాదంగా స్థిరపడిన చరిత్రలో చిత్రకళ పాత్ర తక్కువది కాదు. 1855లో పారిస్‌లో జరిగిన అంతర్జాతీయ ప్రదర్శన నిర్ణేతలు కూర్బె పెద్ద చిత్రాలు కొన్నింటిని తిరస్కరించారు. ఆయన ఆ ప్రదర్శనశాలకు దగ్గరలోనే సొంత ఖర్చుతో ఒక మండపం కట్టించి, దానికి 'వాస్తవికత' అని పేరు పెట్టి, తన చిత్రాలను ప్రదర్శించాడు. తన కాలపు ఆచారాలను, భావాలను, రూపాన్ని తాను చూసినట్లుగా చిత్రించడమే తన లక్ష్యమని ఆ ప్రదర్శన పట్టికకు రాసిన ముందుమాటలో ప్రకటించాడు. 1861లో విద్యార్థులకు రాసిన లేఖలో మరింత ముందుకు వెళ్లి, చిత్రకళ మూర్తమైన కళ అనీ, ఉన్న వస్తువులను మాత్రమే అది చిత్రించగలదనీ వాదించాడు.

ఈ సూత్రాన్ని అక్షరాలా తీసుకుంటే నిశ్చల చిత్రమే దానికి అతి సమీపమైన ప్రక్రియ కావాలి. ఎదురుగా బల్లమీద పండు ఉంటుంది, చూసేవాడుంటాడు, కథ ఉండదు. అయినా కూర్బె జీవితంలో ఈ ప్రక్రియ రెండు సందర్భాల్లోనే ప్రధానస్థానానికి వచ్చింది. ఒకటి 1862–63, రెండోది 1871–73. మొదటిది స్వేచ్ఛగా ఎంచుకున్నది. రెండోది నిర్బంధంలో మొదలైంది. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే 'చెరసాల చిత్రాలు' అన్న వర్గీకరణ మనల్ని సులువుగా దారి తప్పిస్తుంది.

2. ప్రక్రియ స్థానం

మన చిత్రకారులు 'స్టిల్ లైఫ్' అని వ్యవహరించేదాన్నే ఈ వ్యాసంలో నిశ్చల చిత్రం అంటున్నాను. ఫ్రెంచి వాళ్లు దీన్ని 'నాత్యూర్ మోర్త్' అంటారు. మృత ప్రకృతి అని ఆ మాటకు అర్థం. పేరులోనే ఉన్న ఈ చావు కూర్బె చేపల చిత్రాల దగ్గరికి వచ్చేసరికి పారిభాషిక పదంగా మిగలదు. ఆ విషయం ముందు చూద్దాం.

పదిహేడో శతాబ్దంలో ఆంద్రె ఫెలిబియెన్ ఫ్రెంచి రాయల్ అకాడెమీ ఉపన్యాసాలకు ముందుమాట రాస్తూ చిత్రకళా ప్రక్రియలకు ఒక తారతమ్య శ్రేణిని నిర్దేశించాడు. చారిత్రక, పౌరాణిక ఇతివృత్తాలకు పైమెట్టు దక్కింది. చలనం లేని వస్తువులను చిత్రించేవాడు అట్టడుగున నిలిచాడు. 1728లో షార్దాఁ అకాడెమీలో సభ్యత్వం పొందినా ఈ శ్రేణి చెదరలేదు. పందొమ్మిదో శతాబ్ది మధ్యకాలానికి షార్దాఁ పట్ల ఆసక్తి పునరుజ్జీవించింది. 1869లో లూయి లా కాజ్ లూవ్ర్‌కు రాసిచ్చిన సేకరణ ద్వారా ఆయన చిత్రాలు అనేకం ప్రజల ముందుకు వచ్చాయి. కూర్బె చెరసాలలో ఆపిల్ పండ్లు గీసేనాటికి ఆ ప్రక్రియకు గౌరవం పెరుగుతోంది. కాబట్టి ఆయన 'తక్కువ' ప్రక్రియకు దిగజారాడన్న అభిప్రాయం ఆ కాలపు పరిస్థితికి పూర్తిగా సరిపోదు.

3. 1862: స్వేచ్ఛలో పూలు

1862లో కూర్బె ఫ్రాన్స్ పశ్చిమభాగంలోని సెంతోంజ్ ప్రాంతానికి వెళ్లి, సెంత్ పట్టణం సమీపంలోని రోష్‌మోఁలో ఎత్యెన్ బోద్రి అనే మిత్రుడి ఆతిథ్యంలో గడిపాడు. అక్కడి తోటలు ఆయన చేత వరుసగా పూల చిత్రాలు గీయించాయి. వాటిలో ప్రసిద్ధమైనది ఇప్పుడు అమెరికాలోని టొలీడో కళాసంగ్రహాలయంలో ఉన్న 'పందిరి' చిత్రం. అందులో ఒక యువతి పూలపందిరి పక్కన నిలబడి పూలను సర్దుతుంటుంది. చిత్రంలో ఎక్కువ స్థలం ఆక్రమించినవి పూలే. ఆమె ఒక పక్కకు ఒదిగి ఉంటుంది. వేర్వేరు ఋతువులకు చెందిన పూలు ఒకేచోట విరబూసి కనిపిస్తాయి.

ఈ చివరి అంశం ముఖ్యమైనది. ఒకే రోజున ఒకే పందిరి మీద పూయని పూలను ఒకచోట చేర్చడం పాత డచ్చి పూలచిత్రాల సంప్రదాయం. వాస్తవికతావాది కూడా ఆ సంప్రదాయాన్ని కాదనలేదు. ప్రతి పువ్వూ చూసి గీసినదే అయినా వాటి కలయిక మాత్రం కల్పితం. కూర్బె దృష్టిలో వాస్తవం వస్తువు స్పర్శలో, బరువులో, రంగులో ఉంది. సమయం విషయంలో ఆయన అంత కట్టుబాటు చూపలేదు. పదేళ్ల తర్వాతి సంతకాలను అర్థం చేసుకోవడానికి ఈ వెసులుబాటు ఒక ఆధారం.

4. 1871: నేపథ్యం

1871 మార్చి 18న మొదలై మే 28న రక్తపాతంతో ముగిసిన పారిస్ కమ్యూన్‌లో కూర్బె కళాకారుల సమాఖ్యకు అధ్యక్షుడు. ఏప్రిల్ 16 నాటి ఉపఎన్నికల్లో కమ్యూన్ సభకు ఎన్నికయ్యాడు. నెపోలియన్ విజయచిహ్నమైన వాందోమ్ స్తంభాన్ని కూల్చాలని కమ్యూన్ ఆదేశించినది ఏప్రిల్ 12న. అంటే కూర్బె సభ్యుడు కావడానికి నాలుగు రోజుల ముందు. స్తంభం మే 16న కూలింది. అయితే 1870 సెప్టెంబరులోనే ఆ స్తంభాన్ని విప్పి తొలగించాలని అప్పటి ప్రభుత్వానికి విజ్ఞప్తి చేసినవాడు కూర్బె. ఆ పాత విజ్ఞప్తే తర్వాత ఆయన మెడకు చుట్టుకుంది.

జూన్ 7న ఆయనను అరెస్టు చేశారు. వెర్సాయ్‌లో సైనిక న్యాయస్థానం సెప్టెంబరు 2న ఆరు నెలల కారాగారశిక్ష, 500 ఫ్రాంకుల జరిమానా విధించింది. అదే నెలలో ఆయన పారిస్‌లోని సెంట్-పెలాజీ చెరసాలకు చేరాడు. డిసెంబరు చివర శస్త్రచికిత్స కోసం న్యూయీలోని ఒక వైద్యశాలకు మారాడు. 1872 మార్చి మొదటివారంలో విడుదలయ్యాడు. ఈ కాలక్రమం గుర్తుంచుకోవాలి. ఆయన సెంట్-పెలాజీ గోడల మధ్య గడిపినది మూడు నెలల పైచిలుకు మాత్రమే. అందులోనూ రంగులు, కుంచెలు చేతికి రావడానికి కొంత కాలం పట్టింది.

5. చిత్తుపుస్తకంలోని మనుషులు

చెర తొలిదినాల్లో కూర్బె చేతిలో ఉన్నది చిన్న చిత్తుపుస్తకం. అది ఇప్పుడు లూవ్ర్ రేఖాచిత్ర విభాగంలో ఉంది. కొద్దిపాటి గీతలతో గీసిన ఆ పుటల్లో కిక్కిరిసిన గదుల్లో కూలబడిన కమ్యూన్ ఖైదీలు ఉన్నారు. పడుకున్నవాళ్లు, ఒకరిమీద ఒకరు ఒరిగినవాళ్లు ఉన్నారు. చాలా ముఖాలకు స్పష్టమైన రూపురేఖలు లేవు. మనుషులు ముద్దలుగా, గుంపులుగా కనిపిస్తారు. మసకగా రుద్దిన నలుపు గోడను, నేలను, శరీరాన్ని ఒకటిగా కలిపేస్తుంది.

కూర్బె వీటిని తైలవర్ణ చిత్రాలుగా విస్తరించలేదు. 'ఓర్నాన్‌లో అంత్యక్రియలు' చిత్రంలో నలభైమందికి పైగా గ్రామస్థులను నిలువెత్తున, ఆరు మీటర్లు దాటిన కాన్వాసు మీద నిలబెట్టిన చిత్రకారుడు, తన తరంలోని అతిపెద్ద హత్యాకాండకు సాక్షిగా ఉండి కూడా దాన్ని పెద్ద చిత్రంగా మలచలేదు. విచారణలో ఉన్న ఖైదీకి అలాంటి చిత్రం ప్రాణాంతకమే అయివుండేది. విడుదలైన తర్వాత కూడా దాన్ని చూపే ప్రదర్శనశాల, కొనే మనిషి ఫ్రాన్స్‌లో దొరకడం కష్టం. కారణం ఏదైనా ఫలితం ఇది: మనుషులు రేఖల్లో ఉండిపోయారు, రంగు మొత్తం పండ్లకు దక్కింది. ఈ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడకుండా నిశ్చల చిత్రాలను మాత్రమే విడిగా చర్చించడం వల్ల, వాటిలో లేనిదేమిటో మనకు తెలియకుండా పోతుంది.

6. పండ్లు

చెరసాలలో సజీవ నమూనాలను తెచ్చుకునే వీలు లేదు. బయటినుంచి సోదరి తెచ్చిన పండ్లు, పూలు ఆయనకు వస్తువులయ్యాయి. లండన్ నేషనల్ గ్యాలరీలోని 'ఆపిల్ పండ్లు, దానిమ్మ' ఈ వర్గంలో బాగా తెలిసిన చిత్రం. కొలత సుమారు 44 × 61 సెంటీమీటర్లు. మట్టిపాత్రలో కుప్పగా ఆపిల్ పండ్లు, వాటితో ఒక దానిమ్మ, వెనక చీకటిలో సగం కలిసిపోయిన పానపాత్ర. వస్తువులు ఇంతే.

కూర్బె సాధారణంగా ముదురురంగు పూతతో మొదలుపెట్టి చీకటినుంచి వెలుగు వైపు పనిచేసేవాడు. సూర్యుడు లేకపోతే ప్రకృతి కూడా నల్లగానే ఉంటుందని, తాను వెలుతురు చేసే పనే చేస్తున్నానని ఈ పద్ధతిని సమర్థించుకునేవాడు. పండ్ల చిత్రాల్లో ఈ పద్ధతి ఫలితం స్పష్టం. పండు అంచు గీతతో ఏర్పడదు. చీకటిలోంచి ఉబికి వచ్చిన రంగుముద్దగా ఏర్పడుతుంది. ప్రకృతి దృశ్యాల్లో సున్నపురాతి కొండలను కట్టడానికి వాడిన రంగుకత్తినే ఇక్కడా వాడాడు. అందువల్ల పండు తొక్కకు రాతి గరుకుదనం వచ్చింది. ఈ పండ్లు నిగనిగలాడేవి కావు. మచ్చలు, నొక్కులు, వాడిన చోట్లు ఉన్నాయి. తినడానికి ఆహ్వానించే పండ్లు కావివి; బరువును తెలియజేసే పండ్లు.

మ్యూనిక్‌లోని నోయె పినకోథెక్ సంగ్రహాలయంలో ఉన్న చిత్రంలో ఎర్రటి ఆపిల్ పండ్లు ఆరుబయట చెట్టు మొదట పడివుంటాయి. వెనక దూరంగా ప్రకృతి దృశ్యం. పండ్లు చూసేవాడికి అతిదగ్గరగా ఉండడం వల్ల బండరాళ్లంత పెద్దవిగా తోస్తాయి. చెట్టు, ఆకాశం ఖైదీ గదిలో ఉండవు. అంటే ఇది కంటికెదురుగా ఉన్న పండును, జ్ఞాపకంలో ఉన్న నేలతో కలిపిన కూర్పు. 1862 నాటి పూలపందిరిలో ఋతువులు కలిసినట్లే ఇక్కడ స్థలాలు కలిశాయి.

కొందరు వ్యాఖ్యాతలు ఈ ఆపిల్ కుప్పల్లో కమ్యూన్ మృతదేహాలను చూశారు. ఈ అన్వయం ఆకర్షణీయమే కాని జాగ్రత్త అవసరం. పండును తలగా, ఎరుపును రక్తంగా మార్చుకుంటూ పోతే ప్రతి నిశ్చల చిత్రమూ అన్యాపదేశమే అవుతుంది. కూర్బె తన సిద్ధాంతంలో తిరస్కరించినది సరిగ్గా ఆ పద్ధతినే. చిత్రంలో నిర్ధారణగా చెప్పగలిగినవి పరిమాణం, సాన్నిహిత్యం, దెబ్బతిన్న తొక్క, చీకటి. అంతకుమించిన అర్థాన్ని సమకూర్చుతున్నది పండు కాదు, మూలన ఉన్న రాత.

7. ట్రౌట్ చేపలు

విడుదలయ్యాక కూర్బె 1872లో తన సొంత ఊరు ఓర్నాన్ చేరాడు. ఆ ఊరి మధ్యగా పారే లూ నది ట్రౌట్ చేపలకు ప్రసిద్ధి. ఈ కాలంలో గీసిన చేపల చిత్రాల్లో ఒకటి జ్యూరిక్ కున్‌స్ట్‌హౌస్‌లో, 1873 నాటిది మరొకటి పారిస్ ఓర్సె సంగ్రహాలయంలో ఉన్నాయి. నోట గాలంతో ఒడ్డు రాళ్ల మీద పడివున్న పెద్ద చేప, బిగుసుకున్న దారం, మొప్పల దగ్గర రక్తం. గాలం పట్టిన చెయ్యి చిత్రం చట్రానికి బయట ఉంది. చేప పూర్తిగా చచ్చిపోలేదు. 'మృత ప్రకృతి' అన్న పేరు ఇక్కడ వర్తించదు. చలనం ఆగిపోయే క్షణమే ఇక్కడ ఇతివృత్తం.

జ్యూరిక్ చిత్రం మీద సంతకంతో పాటు 71 అన్న సంవత్సరం, లాటిన్‌లో 'ఇన్ విన్‌క్యులిస్ ఫాకియెబాట్' అన్న మాటలు ఉన్నాయి. సంకెళ్లలో ఉండగా చేశాడని వాటి అర్థం. ఇది ఓర్నాన్‌కు తిరిగివచ్చాక 1872లో గీసినదని కళాచరిత్రకారుల్లో అధికుల అభిప్రాయం. చెరసాలలో నదీతీరపు రాళ్లు, అప్పుడే పట్టిన చేప లభ్యం కావు కనుక ఈ అభిప్రాయం వస్తుదృష్టితో కూడా సమంజసమే.

8. సంతకం: సాక్ష్యమా, కల్పనా?

పండ్ల చిత్రాల్లోనూ ఇదే సమస్య ఉంది. సెంట్-పెలాజీ పేరు ఉన్నవాటిలో కొన్ని న్యూయీ వైద్యశాలలో, మరికొన్ని విడుదల తర్వాత గీసినవిగా భావిస్తున్నారు. కిటికీ పక్కన పైపుతో, ఎర్రటి మెడగుడ్డతో కూర్చున్న తన ప్రసిద్ధ 'సెంట్-పెలాజీలో స్వీయచిత్రం' (ఓర్నాన్ కూర్బె సంగ్రహాలయం) కూడా విడుదలయ్యాక గీసినదేనని సాధారణ అభిప్రాయం. అందులో ఆయన వేసుకున్నవి ఖైదీ దుస్తులు కావు.

ఈ రాతలకు మూడు వివరణలు సాధ్యం. మొదటిది వ్యాపారం. కూర్బె తన ప్రచారం తాను చేసుకోవడంలో దిట్ట. చెరసాల పేరున్న చిత్రానికి ప్రత్యేక ఆకర్షణ ఉంటుందని ఆయనకు తెలియకపోదు. రెండోది సాక్ష్యం. న్యూయీలో ఉన్నప్పుడూ చట్టరీత్యా ఆయన ఖైదీయే. ఆ మేరకు రాత స్థలాన్ని కాక స్థితిని చెబుతోందనవచ్చు. మూడోది, విడుదల తర్వాత కూడా ఆ స్థితి ముగియలేదన్న ప్రకటన. తర్వాతి సంఘటనలు ఈ మూడో వివరణకు బలం చేకూరుస్తాయి. 1873 మే నెలలో స్తంభాన్ని కూర్బె ఖర్చుతో తిరిగి నిలబెట్టాలని చట్టం వచ్చింది. జూలైలో ఆయన స్విట్జర్లాండుకు వెళ్లిపోయి, తిరిగి ఫ్రాన్స్‌లో అడుగుపెట్టలేదు. 1877లో తేలిన లెక్క ప్రకారం ఆయన చెల్లించవలసినది 323,091 ఫ్రాంకుల 68 సెంటీములు. సంవత్సరానికి 10,000 ఫ్రాంకుల చొప్పున 33 ఏళ్లు కట్టాలి. అంటే తొంభై ఒకటో ఏట అప్పు తీరుతుంది. మొదటి వాయిదా గడువు 1878 జనవరి 1. కూర్బె 1877 డిసెంబరు 31న మరణించాడు.

ఈ మూడు వివరణల్లో ఒకదాన్నే ఎంచుకోవాల్సిన అవసరం లేదు. అమ్ముకునేవాడికీ బాధపడినవాడికీ ఒకే చెయ్యి ఉండవచ్చు. అయితే పరిశోధకుడు ఒక తేడా పాటించాలి. సంతకాన్ని కాలనిర్ణయానికి ఆధారంగా తీసుకోకూడదు. చిత్రంలో అంతర్భాగంగా చదవాలి. 'ఇన్ విన్‌క్యులిస్' అన్న రాత చేప ఎప్పుడు పట్టుబడిందో చెప్పదు. దాన్ని ఎలా చూడాలో చెబుతుంది. ఆ రాత లేకుంటే అది జాలరి విజయం. రాత ఉంది కనుక గాలం తగిలిన ప్రాణి పక్షాన చూడవలసి వస్తుంది. కూర్బె వస్తువును అన్యాపదేశంగా మార్చలేదు. వస్తువును వస్తువుగానే ఉంచి, తన చరిత్రను దాని పక్కన అక్షరాల్లో నిలిపాడు.

9. 1872 సలోన్

ఈ చిత్రాలను ఆనాటి కళాధికారులు అమాయకంగా చూడలేదనడానికి ఆధారం ఉంది. 1872 సలోన్‌కు కూర్బె రెండు చిత్రాలు పంపాడు. ఒకటి నగ్నస్త్రీ చిత్రం. రెండోది ఎర్రటి ఆపిల్ పండ్ల నిశ్చల చిత్రం. మెస్సోనియె చొరవతో నిర్ణేతల సంఘం రెండింటినీ తిరస్కరించింది. తిరస్కరణకు కారణం చిత్రాల నాణ్యత కాదు, చిత్రకారుడి రాజకీయ వర్తన. దీని మీద పత్రికల్లో పెద్ద వివాదం చెలరేగింది. ఆపిల్ పండ్ల చిత్రాన్ని రాజకీయ కారణంతో వెనక్కి పంపినవారు, ఆ పండ్లకు రాజకీయార్థం ఉందని తామే అంగీకరించినట్లయింది. మరోవైపు ద్యూరాన్-ర్యువెల్ వంటి చిత్రవ్యాపారి ఆయన చిత్రాలు కొన్నాడు. అధికార వేదిక మూసిన తలుపును విపణి కొంతవరకు తెరిచింది.

10. ముగింపు

పై పరిశీలనలో తేలిన అంశాలు ఇవి.

ఒకటి: కూర్బె నిశ్చల చిత్రాలు కేవలం చెరసాల ఫలితం కావు. 1862 నాటి పూలచిత్రాల్లోనే దానికి కావలసిన పద్ధతి సిద్ధమైంది.

రెండు: ఆయన వాస్తవికత వస్తువు భౌతికతకు కట్టుబడింది. స్థలకాలాల కూర్పులో మొదటినుంచీ స్వేచ్ఛ తీసుకుంది. చెరసాల పేరున్న సంతకాలు ఆ స్వేచ్ఛకు కొనసాగింపు.

మూడు: రేఖాచిత్రాలు, నిశ్చల చిత్రాలు ఒకే అనుభవానికి రెండు భాగాలు. మొదటివాటిలో మనుషులున్నారు, రెండోవాటిలో లేరు. ఆ లేకపోవడాన్ని గుర్తించడానికి చిత్తుపుస్తకం తప్పనిసరి.

జీవితచరిత్ర ఆధారంగా రచనలను వివరించే అలవాటు మన సాహిత్య పరిశోధనలోనూ బలంగా ఉంది. రచన చివర వేసిన తేదీని, ఊరి పేరును మనం తరచు ప్రశ్నించకుండానే స్వీకరిస్తాం. తేదీ తప్పని తేలితే రచయితను అబద్ధీకుడంటాం. కూర్బె ఉదాహరణ ఈ రెండు వైఖరుల మధ్య మరో దారి ఉందని సూచిస్తోంది. తప్పు తేదీని ముందు తప్పుగా నిర్ధారించాలి. ఆ తర్వాత అది ఎందుకు రాయబడిందో అడగాలి. జ్యూరిక్‌లోని చేప 1871లో పట్టినది కాదు. అయినా దాని పక్కనున్న 71 అన్న అంకె, ఆ మనిషికి ఆ సంవత్సరం ఇంకా ముగియలేదని చెబుతూనే ఉంది.